ఎనిమిదో తరగతి నాన్న

“ఈ ఏటికి ఇబ్బంది లేదు. వచ్చే ఏడు మాత్రం పిల్లని బడికి పంపాల్సిందే, ఈనోస్,” అంది గాంజ్ టీచరు కళ్లజోడు తీసి బల్ల మీద పెడుతూ.

ఇంట్లో చదివే పిల్లల్ని ఏటా జూన్‌లో పరీక్షించి, సరిగ్గా చదువుతున్నారని రాసిచ్చేది ఆవిడే. ఈనోస్ కూతురు తబిత పుస్తకాల్లో ఆవిడకు వంక దొరకలేదు. చిక్కల్లా సంతకంతోనే. కొత్త ఏడాదీ ఇంట్లోనే చదివిస్తామని ఆగస్టు ఒకటిలోగా ప్రమాణపత్రం ఇవ్వాలి. దాని మీద సంతకం చేసేవాళ్లు హైస్కూలు పాసై ఉండాలి. పెన్సిల్వేనియా చట్టం అది. ఇన్నేళ్లూ తబిత తల్లి కొలీన్ చేసింది. ఏప్రిల్‌లో కొలీన్ క్యాన్సర్‌తో పోయింది.

ఈనోస్ పుట్టింది పాతకాలపు పద్ధతులు వదలని ఆమిష్ క్రైస్తవుల ఇంట్లో. ఎనిమిదో తరగతి కాగానే బడి మాన్పించి పొలంలోకి దించడం వాళ్ల ఆచారం. కొలీన్ కోసం అందరినీ వదిలి వచ్చాడు గానీ, వదిలిన చదువు మళ్లీ ముట్టలేదు.

“పిల్లని నేను చూసుకుంటానని కొలీన్ చేతిలో చెయ్యేసి చెప్పానండీ,” అన్నాడతను. తబితకు నత్తి. బడిలో వెక్కిరింపులు పడలేక రెండేళ్లు నోరే విప్పలేదు. మళ్లీ అక్కడికే పంపాలంటే అతనికి గుండె చెరువవుతోంది.

తల్లి పోయాక చదువెలా సాగుతోందని టీచరు అడిగింది. ఈనోస్ కాస్త సిగ్గుపడ్డాడు. పాలు పితికి రాగానే కూతురు తనను కూర్చోబెట్టి లెక్కలూ వ్యాసాలూ చెబుతుందట, తప్పు చేస్తే మళ్లీ చేయిస్తుందట.

“నాకు చెప్పేటప్పుడు దానికి నత్తి రాదండీ. అందుకే కదలకుండా కూర్చుంటాను. ఆ కాసేపైనా అమ్మని మరిచిపోతుందని.”

టీచరు కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. చట్టానికి జాలి ఉండదు. ఉన్నా, ఆ కాగితాల్లో దాన్ని రాసే గడి ఉండదు. ఆవిడ సంచి సర్దుకుని లేచింది.

అంతవరకు తలుపు దగ్గర నిలబడ్డ తబిత లోపలికి పరుగెత్తి, ఇంకో నోటుపుస్తకం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది.

“ఇదీ చూడండి టీచర్. అ... అమ్మ నాకిచ్చిన పని.”

మొదటి పేజీలో కొలీన్ చేతిరాత, వణికిన అక్షరాలు. ఈనోస్ టీచరు పక్కన వంగి చదివాడు.

‘చెప్పేది నువ్వు. నేర్చుకునేది మీ నాన్న. హైస్కూలు పరీక్షకు ఆయన పేరు రాయించేశాను, జూలై ఎనిమిదిన. అంతవరకు ఆయనతో అనకు, పరీక్షంటే పారిపోతాడు.’