మంగు

“మండుతోందా అమ్మా?” అట్టముక్కతో విసురుతూ అడిగింది ఆయా.

“చిమచిమలాడుతోంది, అంతే. మంట పుడితే కడిగేస్తాను. నువ్వు గడియారం చూడు.”

వంటింటి కిటికీ పక్కన స్టూలు మీద, మొహం పైకెత్తి కళ్ళు మూసుకుని కూర్చుంది ఆ ఇంటి పెద్దకూతురు. మందుల షాపులో పనిచేసే మనిషి కదా, అంతా పద్ధతి ప్రకారమే చేసింది. నిన్ననే దవడ కింద ఒక చుక్క రాసి, ఎర్రబడలేదని చూసుకుంది. కంటి కొసలకీ ముక్కు అంచులకీ పెదవులకీ వాజిలిన్ పట్టించింది. ఆ తర్వాతే, మంగు మచ్చలు పోవడానికి రాసే లాక్టిక్ ఆసిడ్ సీసా మూత తీసింది. అదీ షాపులో ఉన్నవాటన్నిటిలోకీ ఘాటు తక్కువది. నుదురు, బుగ్గలు, గడ్డం, బ్రష్‌తో ఒక్కటే పూత.

పక్కగదిలోంచి ముసలావిడ మూలుగు వినిపించింది. “చిన్నీ... చిన్నది వచ్చిందా?”

ఆయాకి ఒళ్ళు మండిపోయింది. ఈ ఇంట్లో చేరి నెల కాలేదు గానీ, ఇలాంటి సంసారం తనెక్కడా చూడలేదు. ముసలావిడ మంచం పట్టి, తిండి మానేసింది. చిన్నకూతురు వస్తేనే నోరు తెరుస్తానని పంతం. పెద్దకూతురు చెంచా పట్టుకెళ్తే మొహం తిప్పేసుకుంటుంది. ఇలాగే ఉంటే ఎక్కువ రోజులు దక్కదని డాక్టరు చెప్పేసి వెళ్ళాడు. ఆ చిన్నకూతురు ఇటువైపు తొంగిచూసిన పాపాన పోలేదు. ఈ పెద్దకూతురేమో సింగారాల్లో పడింది!

“మనసులో దాచుకోవడం నాకు చేతకాదమ్మా. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే, చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. అలా ఉంది మీ వరస.”

“టైమైందా?”

“ఇంకా లేదు. మొన్న పెద్దమ్మగారు ‘పో, నీది మంగు మొహం, నా చిన్నీ మొహం అద్దం’ అన్నారనేగా ఈ తంటా అంతా? మతిలేని మనిషి అన్న మాటకి ఇంత పట్టింపా?”

పెద్దకూతురు కళ్ళు తెరవకుండానే గడ్డం ఇంకాస్త పైకెత్తింది.

“పౌడరద్దుకుంటే పోయేదానికి ఈ ఆసిడెందుకు?”

“తడిమితే చేతికంటుతుంది.”

“ఈ వయసులో తడిమేదెవరమ్మా!” కిసుక్కున నవ్వి, వెంటనే నాలిక్కరుచుకుంది ఆయా. “పోనీ, ఆ చిన్నమ్మగారికి ఫోన్ చేసి నాలుగు దులపకూడదూ? కన్నతల్లిని మించిన పనేమిటట ఆవిడకి?”

“దానికి రావడం కుదరదు.”

“కుదరదా! అది గుండా, బండరాయా?”

“కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది, ఆయమ్మా. టైము చూడు.”

“అయింది, లేవండి.”

పెద్దకూతురు చిమచిమ పోయేదాకా చన్నీళ్ళతో కడుక్కుంది. మెత్తటి తువ్వాలుతో అద్దుకుని క్రీము రాసుకుంది. మొహం కాస్త ఎర్రబడిందే తప్ప ఎక్కడా పొక్కలేదు.

ఆ తర్వాత రోజూ ఎండ తగలకుండా గొడుగేసుకునే షాపుకి వెళ్ళొచ్చింది. గడ్డం దగ్గర పొట్టు లేచింది.

“గిల్లేస్తే పోదూ?” అంది ఆయా.

“గిల్లితే మచ్చ పడుతుంది. దానంతటదే రాలాలి.”

వెర్రి ముదిరింది, రోకలి తలకి చుట్టమంది అనుకుంది ఆయా. అవతల ముసలావిడ పాలు కూడా మానేసి, చెంచాడు నీళ్ళ దగ్గరికి వచ్చేసింది.

పొట్టంతా రాలాక, ఒక ఉదయం పెద్దకూతురు అద్దం ముందు చాలాసేపు నిలబడింది. మంగు పోలేదు, పలచబడింది. ఒక్కసారికి అంతకంటే పోదు. ఇంకోసారి చెయ్యాలంటే వారాలు ఆగాలి, తల్లి ఆగేలా లేదు. తలస్నానం చేసి, ఎప్పుడూ వేసుకునే ముడి విప్పి, జుట్టు భుజాల మీద వదిలేసింది. బీరువా అడుగునుంచి ఒక పసుప్పచ్చ చీర తీసి కట్టుకుంది. తల్లి గదిలో తెర సగం వేసి, మంచం మీద కూర్చుంది.

“అమ్మా, నేనొచ్చానే!”

ఆ గొంతు పెద్దకూతురిది కాదు. సన్నగా, గారాలు పోతూ ఉంది. గుమ్మం పక్కన జావ గిన్నెతో నిలబడ్డ ఆయాకి అప్పుడు అర్థమైంది. తను అన్న మాటలన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది. గిన్నె అందించి, చప్పుడు చెయ్యకుండా తెర చాటుకి తప్పుకుంది.

ముసలావిడ చెయ్యెత్తి ఆ బుగ్గ తడిమింది. వేళ్ళు కళ్ళ దగ్గర పెట్టుకుని చూసుకుంది. ఏమీ అంటలేదు.

“చిన్నీ... ఎన్నాళ్ళకొచ్చావే తల్లీ!”

“వచ్చేశానుగా. ముందు నోరు తెరువు.”

తెరిచింది. ఒక చెంచా, ఇంకో చెంచా. గిన్నె సగమయ్యేసరికి తెర చాటున ఆయా కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఈ పూట గడిచింది చాలు దేవుడా అనుకుంది.

ముసలావిడ మూతి తుడిపించుకుని, గుమ్మం వైపు భయంగా చూసింది.

“అక్క ఇక్కడ లేదు కదా?”

“లేదమ్మా. ఏం?”

“అది పిచ్చిది. నీ మీద ప్రాణం దానికి, తట్టుకోలేదు.” కూతురి తల దగ్గరికి లాక్కుని, చెవిలో గొణిగింది ముసలావిడ.

“నువ్వు చచ్చిపోయావని అక్కకి చెప్పకే.”