మూడో షరతు

తాళాల మేస్త్రి తలుపుకున్న తాళాన్ని బొటనవేలితో ఒకసారి తడిమి, విప్పబోయిన సంచీ మూతి మళ్ళీ బిగించాడు.

"ఏడు లివర్లది సార్. ఐదు నిమిషాల పని. కాగితం చూపిస్తే మొదలుపెడతాను."

ఏం కాగితమని ఇన్‌స్పెక్టరు అడిగాడు. ఇంటాయన అనుమతి, లేకపోతే కోర్టు ఉత్తర్వు, రెండిట్లో ఏదో ఒకటని మేస్త్రి చెప్పాడు.

మేస్త్రి బావమరిది మెట్ల కింద నిలబడి ఉన్నాడు. వేరే ఊళ్ళో పని పోయి, కిందటేడే వచ్చి బావ షాపులో చేరాడు. ఇందాక గేటు దగ్గర నేమ్‌ప్లేటు చదివి మేస్త్రి ఆగిపోవడం అతను చూశాడు. తెలిసినవాళ్ళా బావా అని అడిగితే ఊఁ అన్నాడంతే.

ఇన్‌స్పెక్టరు మర్యాదగానే మొదలుపెట్టాడు. ఈ ఇంటాయన ఒంటరివాడు, ఈమధ్య ప్రభుత్వం మీద పత్రికలకు ఏవేవో రాస్తున్నాడు, ఇంట్లో ఏం దాచాడో ఒకసారి చూసుకుని, ఆయన ఆస్పత్రి నుంచి వచ్చేలోగా ఎప్పటిలా తాళం వేసి వెళ్ళిపోతామన్నాడు. ఎవరికీ నష్టం లేదన్నాడు.

మేస్త్రి బేరాలు ఎరిగినవాడు. ఎదుటివాడికి తన అవసరం ఎంతుందో ముందు చూసుకుంటాడు.

"గునపంతో పగలగొడితే తలుపు మీద గుర్తు మిగులుతుంది. మిగలకూడదని నన్ను పిలిచారు. అంతేగా సార్?"

ఇన్‌స్పెక్టరు మొహం మాడ్చుకున్నాడు. "నీ లైసెన్సు మా స్టేషన్ ఇచ్చిందే. గుర్తుందా?"

మేస్త్రి జేబులోంచి లామినేషన్ చేయించిన కార్డు తీసి వెనక్కి తిప్పాడు.

"మూడో షరతు సార్. యజమాని అనుమతి గానీ కోర్టు ఉత్తర్వు గానీ లేకుండా ఎవరు అడిగినా తాళం తీయరాదు. కింద మీ స్టేషన్ ముద్ర."

"అది దొంగల గురించి రాసింది."

"దొంగలని రాయలేదండీ. ఎవరు అడిగినా అని రాశారు."

ఇన్‌స్పెక్టరు వెనకున్న కానిస్టేబుల్ నవ్వు ఆపుకోడానికి అటు తిరిగాడు. చుట్టుపక్కల కిటికీలు ఒకటొకటిగా తెరుచుకున్నాయి. బావమరిది దగ్గరికొచ్చి చెవిలో గొణిగాడు. షాపు పోతే రెండిళ్ళూ రోడ్డున పడతాయి, అక్కకి ఏం చెప్తావు, ఊరి తాళాలన్నీ తీసినవాడివి ఇదొక్కటీ బరువైందా అన్నాడు. మేస్త్రి అతని వైపు చూడలేదు. కిటికీల దాకా వినపడేలా గొంతు పెంచాడు.

"ఆరేళ్ళ కిందట మీ స్టేషన్ వాళ్ళే నా షాపు షట్టరు పట్టపగలు గునపంతో లేపారు. దొంగ తాళంచెవులు చేస్తున్నానని ఎవరో చెప్పారట. కాగితం లేదు, కబురు లేదు. లోపల ఏమీ దొరకలేదు. షట్టరుకి అతుకు వేయించుకున్నాను. పేరుకి వేసే అతుకు ఎక్కడా దొరకలేదు. ఏడాదిపాటు నన్ను నమ్మి తాళం ఇచ్చినవాడు లేడు."

"అప్పుడు నేనిక్కడ లేను."

"మీరు లేరు. కాగితమేదని అడగాలని నాకూ తెలీదు. రాజ్యాంగమంటే కోర్టు బల్ల మీద ఉండే లావుపాటి పుస్తకం అనుకునేవాణ్ణి. కాదు సార్. మీలాంటివాళ్ళని జనం గడప బయట ఆపడానికి వేసిన తాళం అది. నన్ను దాన్ని తీయమంటున్నారు."

"ఈ ముసలాయన నీకేమవుతాడు? ఇంత వేడెక్కుతున్నావు."

"పాత పరిచయం."

ఇన్‌స్పెక్టరు కిటికీల వైపు చూశాడు. కార్డు లాక్కుని, రేపట్నుంచి షాపు ఎలా తెరుస్తావో చూస్తానని జీపెక్కాడు.

మేస్త్రి మెట్టు మీదే కూర్చున్నాడు. గంట తర్వాత మందుల కవరు పట్టుకుని ఇంటాయన వచ్చాడు. పక్కింటివాళ్ళు జరిగిందంతా చెప్పారు. ఆయన తల వంచుకుని మెట్లెక్కాడు. జేబులోంచి తాళంచెవి తీశాడు. దాన్ని మేస్త్రి చేతికిచ్చాడు. మేస్త్రి తాళం తీశాడు.

"లోపల గొళ్ళెం పెట్టుకోండి. కాగితం తెస్తే తియ్యండి. తేకపోతే ఎవరొచ్చినా తియ్యకండి."

దారంతా బావమరిది సణుగుతూనే ఉన్నాడు. కార్డు పోయింది, కోర్టుకెళ్తే తిరిగి రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో తెలీదు, ఇంత చేస్తే ఆ పెద్దమనిషి కనీసం ఒక మంచిమాట అనలేదు, తలెత్తి మొహమైనా చూడలేదు. షాపు రాగానే మేస్త్రి వంగి, షట్టరు మీది అతుకును అరచేత్తో తుడిచాడు.

"ఇంతకీ ఎవరు బావా ఆయన?"

"ఈ షట్టరు లేపించిన ఇన్‌స్పెక్టరు."