చీటీ పలికిన స్వరం

పియానోకు మిగిలింది ఒక్క ఆదివారం.

ఏనాడో ఓ ఓడ వదిలిపోయిన ఆ పియానో, పోర్టు క్వార్టర్ల క్లబ్బులో సగం హాలు ఆక్రమించింది. అక్కడ వ్యాయామశాల పెట్టాలని కార్యదర్శి గవర్రాజు కోరిక. కానీ మర్యాదస్తుడు, ఒక అవకాశం ఇచ్చాడు. దాన్ని వాయించే నాగవంశీ కచేరీలో సగం జనమైనా చివరిదాకా నిలిస్తే పియానో ఉంటుంది. లేదంటే, సోమవారం నాగవంశీయే దాన్ని ఇంటికి మోసుకుపోవాలి.

షరతు న్యాయమైనదే. కిందటి కచేరీలో పావుగంటకే మైకువాడు లేచిపోయాడు. పోతూ మైకు కూడా పట్టుకుపోయాడు.

నాగవంశీది యాదృచ్ఛిక సంగీతం. స్వరాన్ని మనిషి ఎంచకూడదు, ఎంచితే అందులో అహంకారం చేరుతుందని అతని సిద్ధాంతం. ఆ మాట ఎంతో అహంకారంగా చెప్పేవాడు. మీటలు ఎనభై ఎనిమిది, మీటకొక చీటీ. మౌనానికి మరో రెండు. కుండలోంచి ఏ అంకె వస్తే ఆ మీట నొక్కడం, తీసిన చీటీని పక్కన పడేయడం. రచన అంతే.

"ఏటి బావా, ఇది పాటా? మీటలు పన్జేత్తన్నాయో లేదో సూత్తన్నావా?" అని గవర్రాజు అడిగితే, అర్థం కాకపోవడం శ్రోత హక్కని మన్నించాడు.

అతని భార్య మధులత మన్నించలేకపోయింది. వాళ్ల క్వార్టరుకు ఉన్నవి రెండే గదులు.

"జనాన్ని రప్పించే పని నాకు వదిలెయ్యండి," అంది. "మీరు మాత్రం అంకె నన్ను పైకి చదవనివ్వండి. ఏం జరుగుతోందో వాళ్లకీ తెలియాలి కదండీ."

సామాన్యుల కోసం కళ ఒక మెట్టు దిగవచ్చని అతను ఒప్పుకున్నాడు.

ఆదివారం హాలు నిండింది. కుర్చీలు చాలక, హార్బరు నుంచి వచ్చిన ఆడవాళ్లు మెట్ల మీద సర్దుకున్నారు. మధులత అంకె చదివింది. నాగవంశీ మీట నొక్కాడు. మళ్లీ అంకె, మళ్లీ మీట.

ఎవరూ దగ్గలేదు. ఏ ఫోనూ మోగలేదు. వంచిన తల ఎత్తకుండా, పట్టిన కలం దించకుండా, అందరూ ఒడిలోని కాగితాల మీద ఏదో గుర్తు పెట్టుకుంటున్నారు. స్వరాలు రాసుకుంటున్నారనుకుని అతనికి కళ్లు చెమర్చాయి. ఎనభై తొమ్మిది వచ్చి అతను మౌనం వహించినప్పుడు, కిటికీ పక్కన ఒకావిడ ఆనందం పట్టలేక గుండె మీద చెయ్యి వేసుకుంది. మౌనాన్ని ఇంతగా ఆస్వాదించే శ్రోతలు ఐరోపాలోనూ ఉండరనుకున్నాడు.

గవర్రాజు తన కాగితం మీంచి చూపు తిప్పకుండానే తీర్పు చెప్పేశాడు.

"పియానో ఇక్కడే ఉంటాది సెల్లెమ్మా. కచేరీ పెతీ ఆదోరం ఎట్టండి."

జనం అభిరుచి ఎదగడం నాగవంశీ కళ్లారా చూశాడు. కుండలో ఇంకా కొన్ని చీటీలు ఉండగానే, మూడో వరుసలో తవిటమ్మ అనే పెద్దావిడ కాగితం పైకెత్తి లేచింది. ఆమె ప్రశంస వినడానికి అతను మీట మీద వేలు ఆపాడు.

"ఆగు బాబూ, నా హౌసీ టిక్కెట్టులో అంకెలన్నీ అయిపోనాయి, పైజు నాదే," అంది తవిటమ్మ.