వీడియో కింద నంబరు

గిరాకీ లేక మూతపడేలా ఉన్న కర్టెన్ల కొట్టు కోసం, అక్క చేత నాలుగు మాటలు చెప్పించి తమ్ముడు వీడియో పెట్టాడు. కింద ఫోన్ నంబరు ఇచ్చాడు. ఒక్క రోజులో రెండు లక్షల మంది చూశారు.

మర్నాడు మధ్యాహ్నం తమ్ముడు కొట్టుకు పరుగున వచ్చాడు. పొద్దుటి నుంచి మోగుతూనే ఉన్న ఫోను అప్పుడే మోగి ఆగింది.

"నీ మాటలు జనానికి తెగ నచ్చేశాయక్కా! ఎన్ని ఆర్డర్లొచ్చాయి?"

"ఒ... ఒక్కటీ లేదురా."

"మరి ఇన్ని ఫోన్లు?"

"కొ... కొట్టు పేరు చెప్పమంటారు. నా నత్తి విని, పగలబడి నవ్వి పెట్టేస్తారు."

తమ్ముడు వెంటనే వీడియో తీసేశాడు. అప్పటికే అది వేల ఫోన్లకు పాకిపోయింది.

మళ్లీ మోగింది.

"ఎత్తొద్దక్కా!"

"ని... నిజంగా కర్టెన్ల కోసమే అయితేనో?"

అక్క గొంతు సవరించుకుని ఫోనెత్తింది.