నొక్కిందెవరు

"నిజం చెప్పు. ఎక్కడ నొక్కావు?"

అక్క గొంతు పెంచలేదు. అయినా చెల్లెలు కుర్చీలో ముడుచుకుపోయింది. ఎదురుగా కంప్యూటర్. అక్క చేతిలో ఫోను. ఫోనులో తెరిచిన నర్సు ఉద్యోగాల పేజీలో చెల్లెలి పేరు మీద దరఖాస్తు ఏదీ అందలేదని ఉంది. గడువు నిన్నటితో అయిపోయిందని కూడా ఉంది. మొన్న ఇదే కుర్చీలో రెండు గంటలు కూర్చుని, ఫొటోతో, సంతకంతో సహా చెల్లెలు నింపి పంపిందంతా అచ్చం అలాగే కనిపించే ఏదో దొంగ పేజీలోకి పోయింది.

"నేనేమీ నొక్కలేదక్కా. ఉద్యోగాల పేజీ పేరే కొట్టాను. అదే ఎక్కడికో తీసుకెళ్ళింది."

'అదే' అంటే పదిరోజులుగా ఆ కంప్యూటర్లో తిష్ఠ వేసిన పీడ. ఏం వెతకబోయినా ఎరుపూ పసుపూ కలిసిన ఓ కొత్త పేజీకి లాక్కుపోతుంది. అక్కది ఇంట్లో కూర్చుని పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్దే పని. ఒక మాటకు వత్తు ఉందో లేదో చూద్దామని కొడితే మోకాళ్ళ నొప్పుల నూనె కొనమంటుంది. తీసేస్తే పోతుంది. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెడితే పళ్ళికిలిస్తూ ప్రత్యక్షమవుతుంది.

వీధి చివరి మెకానిక్ రెండుసార్లు వచ్చి చూశాడు. అతన్ని పిలవమన్నది అక్క భర్తే. "ఇలాంటివి వాళ్ళకు రోజూ ఉండేవే. ముందు అతన్ని చూడనివ్వు" అన్నాడు. మెకానిక్ బ్రౌజర్ పీకి కొత్తది వేశాడు, ఎక్కడెక్కడో వెతికాడు, చెమటోడ్చాడు. రెండోసారి సంచి భుజాన వేసుకుంటూ, "ఇంత మొండిదాన్ని నా సర్వీసులో చూళ్ళేదు మేడమ్. మొత్తం చెరిపేసి మళ్ళీ మొదట్నుంచీ వెయ్యాల్సిందే" అన్నాడు. ప్రూఫులన్నీ అందులోనే ఉన్నాయని అక్క ఒప్పుకోలేదు.

ఆదివారం కాబట్టి భర్త సోఫాలో కాళ్ళు చాపుకుని గోళ్ళు తీసుకుంటున్నాడు. ఏదో కంపెనీలో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం అతనిది. గోళ్ళ కత్తెర పక్కనపెట్టి, తాపీగా లేచి వచ్చి కంప్యూటర్ ముందు వంగాడు.

"ఇవి వాటంతటవి ఇంట్లోకి నడిచి రావు. ఉచితంగా వస్తోంది కదా అని ఎవరో ఏదో దింపి ఉంటారు." ఒక జాబితా తెరిచి వేలు పెట్టి చూపించాడు. "ఇదిగో, ఇది చేరిన రోజు. పదిరోజుల కిందటి గురువారం, సాయంత్రం ఆరున్నర."

ఆ సాయంత్రం అక్క ప్రూఫులు ఇవ్వడానికి ప్రెస్సుకు వెళ్ళింది. కంప్యూటర్ ముందు చెల్లెలిని కూర్చోబెట్టే వెళ్ళింది.

అక్క చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు నేల చూపులు చూసింది.

"ఒక్క పాట దింపుకున్నానక్కా. అంతే."

"మరి ఇందాకటి నుంచీ ఏమీ నొక్కలేదంటున్నావు?"

"పాటకీ దీనికీ ఏం సంబంధం? నువ్వు తిడతావని చెప్పలేదు."

"తిట్టడం సంగతి తర్వాత. పదిరోజులుగా నా పని మూలన పడింది. రెండుసార్లు ఆ మనిషిని పిలిపించాను. నువ్వు పక్కనే నించుని, ఎలా వచ్చిందో తెలీదని నాతో పాటు ఆశ్చర్యపోయావు. నీ ఉద్యోగం నువ్వే పోగొట్టుకున్నావు, అది నీ ఖర్మ. నన్నెందుకు వెర్రిదాన్ని చేశావు?"

"దాంతో వచ్చింది కాదక్కా, ఒట్టు."

"ఇంకా ఎంతసేపు బుకాయిస్తావు?"

"పోనీలేవే, చిన్నపిల్ల. తెలియక చేసింది" అన్నాడు భర్త. ఆ మాటతో చెల్లెలి కళ్ళలో నిలిచి ఉన్న నీళ్ళు జారాయి. లోపలికి వెళ్ళి సంచిలో నాలుగు జతల బట్టలు కుక్కుకుంది. స్నేహితురాలి గదికి వెళ్తున్నానంది. అక్క ఆగమనలేదు. చిన్నప్పటి నుంచీ తను జడలేసిన పిల్ల. తన కళ్ళలోకి చూస్తూ అబద్ధమాడింది. ఆ ఒక్క ముక్కే మింగుడు పడలేదు.

గేటు చప్పుడైంది. భర్త కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పావుగంట కూడా పట్టలేదు.

"ఇప్పుడు చూసుకో."

ఆమె ఒక మాట కొట్టింది. అడిగిందే వచ్చింది. ఆపి మళ్ళీ పెట్టి చూసింది. నూనె లేదు, ఎరుపూ పసుపూ లేవు.

"ఇంత సులువుగా తీసేవారు మొదట్లోనే కూర్చోవచ్చు కదండీ?"

"నాకు తీరిక ఎక్కడేడ్చింది?"

నిజమే, ఆఫీసులో ఆయన నెత్తిన ఏదో కొత్త పని పెట్టారు. తోడబుట్టింది మోసం చేసినా ఈయనైనా ఉన్నాడనుకుంటూ ఆమె వంటింట్లోకి వెళ్ళి, కళ్ళు తుడుచుకుని, పంచదార ఒక చెంచా ఎక్కువేసి కాఫీ కలిపింది. కప్పు పట్టుకుని బాల్కనీ తలుపు దాకా వచ్చింది. భర్త అటు తిరిగి ఫోనులో మాట్లాడుతున్నాడు. ఆఫీసు మాటలు కదా, మధ్యలో కదిలించడమెందుకని గుమ్మంలోనే ఆగింది.

"అవును సార్, పదిరోజులూ మా ఇంట్లోనే పెట్టి చూశాను. మెకానిక్కుకు దొరకలేదు, మా ఆవిడకు అనుమానం రాలేదు, తప్పంతా మా మరదలి మీదికి పోయింది. ఇక జనంలోకి వదిలేయొచ్చు."