డీజే బండి మీది డబ్బా

కోరుట్ల వాగు బ్రిడ్జి మీదికెక్కి, రెండు రోజులు బస్సులు ఆపిన వరద ఏడు అది.

నీళ్ళు తగ్గిన పదోనాడు కథలాపూర్‌లో కల్లుకు తాళ్ళు గీసే వెంకటి డీజే బండి మాట్లాడుకున్నాడు. పెళ్ళికి కాదు, ఒక డబ్బాకు.

కొడుకు శ్రావణ్, తోటి పిల్లలు కాలేజీలో రెండేండ్లు కిందామీదా పడి చేసిన డబ్బా. రాకెట్‌లో ఆకాశానికి పోయి, అక్కడ భూమి అయస్కాంత బలం ఎంతో కొలుస్తుందట.

శ్రావణ్ కాగితాల పని మీద జగిత్యాల పోయాడు. డబ్బాను సాయంత్రం కోరుట్ల రైలు స్టేషన్‌కు తెమ్మన్నాడు.

"ఊకెనే తీస్కపోతమా?" అన్నాడు వెంకటి భార్య సమ్మవ్వతో.

డబ్బాకు ముందువైపు కనబడేటట్టు సిరిసిల్ల శాలువా కప్పి, దండ వేసి, డీజే బండిలో అన్నిటికన్నా పెద్ద సౌండ్ బాక్సు మీద కూర్చోబెట్టాడు.

కోరుట్ల బజార్లో టోపీ పెట్టుకున్న ముసలాయన ఒకడు సందులోంచి ఉరికివచ్చి బండికి అడ్డం నిలబడ్డాడు.

"దించు! డబ్బా దించు!"

"నమాజు యాల్లయినట్టుంది. పాట బందు పెట్టుమంటున్నడు," అన్నాడు డ్రైవర్ గంగారాం.

"పాటతోని నాకేం పని భాయ్? సౌండ్ బాక్సు మీదికెల్లి డబ్బా దించు!"

వెంకటికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏం పెద్దమనిషీ! తాళ్ళెక్కెటోని కొడుకు మీదికి పోతాంటే కండ్లల్ల నిప్పులు పోసుకుంటున్నవా?"

"నీ కొడుకు కోసమే చెప్తున్న..."

"నా కొడుకు నీకేం ఎర్క? జరుగు!"

"ఆయనేమంటుండో ఇనరాదయ్యా," అంది సమ్మవ్వ.

వినలేదు. భుజం పట్టి తోశాడు. ముసలాయన మురుగు మోరీ పక్కన పడ్డాడు. బండి కదిలింది.

కొడుకుకు ఆర్భాటం గిట్టదు. అందుకే స్టేషన్‌కు ముందే డీజేను తిప్పి పంపి, డబ్బా ఒక్కటే అతని చేతిలో పెట్టాడు వెంకటి.

రాకెట్ బాగానే లేచింది. శ్రావణ్ మాత్రం ముఖం వేలాడేసుకుని తిరిగొచ్చాడు.

"కొలతలన్నీ తప్పే బాపు. ఎవలో డబ్బాను పెద్ద అయస్కాంతం పక్కకు పెట్టిండ్రు. లోపలి ఇనుపముక్కకు గా గుణం పట్టింది. సీలేసినంక మేం ఇప్పి చూడరాదాయె."

"ఎవడురా వాడు? రెండేండ్ల కష్టం బూడిదల పోసినోడు! దొరికితే చేతులు ఇరుగగొడ్త!"

"రైల్ల ఎవలదన్న స్పీకర్ పక్కకు పెట్టినమేమో."

"స్పీకర్ల అయస్కాంతం ఉంటదా?"

"అది లేంది స్పీకరెట్లయితది? ఎంత పెద్ద స్పీకరో గంత పెద్దది."

సమ్మవ్వ మొగుడి దిక్కు చూసింది. వెంకటి చేతిలో ముద్దను కంచంలో వేశాడు.

"నేనేరా," అని డీజే ముచ్చట చెప్పాడు.

శ్రావణ్ కంచం ముందు నుంచి లేచాడు.

"మళ్ళ చేస్తం గని, లోపలి రాగి తీగ ఎవలు చుట్టాలె? వెంట్రుకంత సన్నం. మేం చుడితే పదిసార్లు తెగింది. మోటర్లు చుట్టే కోరుట్ల ఉస్తాదే కండ్లల్ల నీళ్ళు కారంగ పదకొండు దినాలు చుట్టిండు. ఏ మొకం పెట్టుకొని పోవాలె?"

"నేనొస్త. ఆయన కాళ్ళు పట్టుకుంట."

మరునాడు పొద్దున్నే కొడుకు వెంట కోరుట్ల పోయి, మోటర్ వైండింగ్ దుకాణం ముందు చెప్పులు విడిచిన వెంకటి, లోపల పెదవులు కదుపుతూ చుట్లు లెక్కబెడుతున్న ఎహసాన్ ఉస్తాదును చూసి, డీజే బండి ముందు తాను తోసేసిన ఆ ముసలాయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు.