నిలబెట్టిన పలక

"మాట్లాడాలని మీ దేశం పేరున్న పలకను నిలువుగా నిలబెట్టావుగా, పిలుస్తారులే అమ్మా," అన్నాను దీవి దేశం ప్రతినిధి తవితా ముందు నీళ్ల గ్లాసు పెడుతూ.

"నిలబెట్టి గంటయింది బామ్మా! చెయ్యి కూడా ఊపాను. మా దీవి మునిగిపోతోంది. మా జనాన్ని ఒడ్డు చేర్చే సాయం మాటే తీర్మానంలోంచి కొట్టేశారు."

వేదిక మీద అధ్యక్షుడు లూసియన్ కాగితాల్లోంచి తల ఎత్తలేదు. "ఎవరికీ అభ్యంతరం లేదు కదా? ఆమోదించాం!" అని సుత్తి కొట్టాడు. జెనీవాలోని ఆ ప్రపంచ దేశాల సభంతా చప్పట్లు.

ఆయనకు నీళ్లు పోస్తూ ఉండబట్టలేక అడిగేశాను. "ఆ పిల్ల పలక కనబడలేదా బాబూ?"

"కనబడకూడదనే తల దించుకున్నాను. ముప్పై ఏళ్లుగా ఇక్కడే నీళ్లు పోస్తున్నావు, ఇంకా తెలీదూ? ఒక్కరు కాదన్నా లోకం మన సభను నమ్మదు బామ్మా."

నా వెనకే వచ్చిన తవితా ఆ మాట విన్నది. తిరిగి వెళ్లి, పలకను బల్ల మీద పడుకోబెట్టి, గుమ్మం దాటింది.

మర్నాడు ఆమె రాలేదు. నేను అలవాటు కొద్దీ ఆ ఖాళీ కుర్చీ ముందు కూడా నీళ్లు పెట్టాను.

ఇంకో తీర్మానం వచ్చింది. ఈసారి లూసియన్ తల ఎత్తి, పడుకున్న పలకకేసి తీరిగ్గా చూశాడు.

"దీవివాళ్లు కూడా ఒప్పుకున్నారు," అని సుత్తి కొట్టాడు.